పేరయ్య ఎంచిన ఇంజన్

అరబ్బీ మాట్లాడేవాళ్ళకి 'ప' పలకడానికి నోరు తిరగదు. అందుకే బహ్రెయిన్‌లో హిద్ అనే ఊళ్ళో, సముద్రం ఒడ్డున ఉన్న పడవల వర్క్‌షాపులో పేరయ్యని అందరూ 'బేరయ్యా' అని పిలిచేవారు. మొదట్లో దిద్దేవాడు. తర్వాత ఊరుకున్నాడు.

అతనిది కోటిపల్లి. గోదావరి మీద కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం రేవుకి జనాన్ని దాటించే లాంచీల్లో పదిహేడో ఏట నూనెగుడ్డ పట్టుకున్నాడు. పాతికేళ్ళు దాటేసరికి ఇంజన్ చప్పుడు విని దాని జబ్బు చెప్పగలిగేవాడు. కానీ 1989లో బహ్రెయిన్ వచ్చింది మాత్రం కూలీగానే. అస్కర్ దగ్గర ఒక కాంట్రాక్టరు కింద రెండేళ్ళు సిమెంటు మోశాడు. ఒక సెలవు రోజు క్యాంపు వెనక ఒడ్డుకి వెళితే, ఓ ముసలి జాలరి తన పడవ ఇంజన్‌ని నోటికొచ్చినట్టు తిడుతూ కనిపించాడు. పేరయ్యకి అప్పటికి అరబ్బీ రాదు, ఆయనకి తెలుగు రాదు. డీజిల్ పైపులో గాలి చేరిందని పేరయ్యకి వినగానే తెలిసిపోయింది. నట్టు వదులు చేసి, గాలి పోనిచ్చి, మళ్ళీ బిగించాడు. ఇంజన్ అందుకుంది. ఆ జాలరి తమ్ముడే అబూ రాషెద్, హిద్ వర్క్‌షాపు యజమాని. రెండు నెలల్లో కాగితాలు మార్పించి పేరయ్యని తన దగ్గరికి తెచ్చుకున్నాడు.

తర్వాత మూడేళ్ళకి పేరయ్య భార్య సూర్యావతి కూడా వచ్చింది, హూరాలో ఒక ఇంట్లో పనికి. కూతుళ్ళిద్దరూ రామచంద్రపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. మొగుడూ పెళ్ళాలు ఒకే దేశంలో ఉన్నారన్న మాటేగానీ, అతను వర్క్‌షాపు మేడ మీద గదిలో, ఆవిడ మేడం గారి వంటింటి పక్క గదిలో. శుక్రవారం మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా ఆవిడకి సెలవు. ఆ మూడు గంటలూ హూరా దగ్గర సముద్రపు ఒడ్డున సిమెంటు బెంచీ మీద కూర్చునేవారు. ఆవిడ డబ్బాలో ఏదో ఒకటి కలిపి తెచ్చేది. అతను వారంలో విప్పిన ఇంజన్ల కబుర్లు చెప్పేవాడు. ఆవిడ శ్రద్ధగా వినేది. అందుకే వాళ్ళ ఊళ్ళో ఏ ఆడమనిషికీ తెలియని సంగతులు సూర్యావతికి తెలుసు.

1996 ఫిబ్రవరిలో జాసిం వచ్చాడు. బ్యాంకులో ఉద్యోగం, ముప్ఫై అయిదేళ్ళుంటాయి, ముగ్గురు పిల్లలు. అతనికి ఇరవై నాలుగు అడుగుల స్పీడ్‌బోటు ఉంది. ఉప్పునీళ్ళు తిని తిని దాని ఇంజన్ పగిలింది. చేతిలో అమెరికా కంపెనీల పుస్తకం, అందులో ఒక పేజీ మడత.

"బేరయ్యా, ఇదిగో. అయిదువందల నలభై. పైన బ్లోవర్. ఎప్పటికి బిగిస్తావ్?" అన్నాడు హిందీ, అరబ్బీ కలగలిపిన భాషలో. ఆ వర్క్‌షాపులో అందరిదీ అదే భాష.

ఆ అంకె ఇంజన్ సైజు. ఎనిమిది సిలిండర్లలో పిస్టన్లు కదిలే చోటంతా కలిపి ఎన్ని ఘనపు అంగుళాలో అది. పోయిన ఇంజన్ మూడువందల యాభై. బ్లోవర్ అంటే ఇంజన్ నెత్తి మీద కూర్చుని, బెల్టుతో తిరుగుతూ, గాలిని బలవంతాన లోపలికి తోసే యంత్రం. మామూలు ఇంజన్ గాలి పీల్చుకుంటుంది. దీనికి గాలి కుక్కి పెడతారు. దానితో బలం ఒకటికి ఒకటిన్నర అవుతుంది.

పేరయ్య పేజీ కేసి చూసి, ఒడ్డున బల్లల మీద ఎక్కించి ఉన్న పడవ కేసి చూశాడు.

"ఇంత దేనికి, జాసిం భాయ్?"

"ఆదిల్‌ని దాటాలి." ఆదిల్ అతని బాబాయి కొడుకు. చిన్నప్పటి నుంచీ ఈతలో, పరుగులో, చదువులో ఆదిల్‌దే పైచెయ్యి. ఇప్పుడు పడవలో కూడా. జాసిం నవ్వుతూనే చెప్పాడుగానీ ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు.

"పడవలో ఇంకెవరు ఎక్కుతారు?"

"ఎవరేమిటి? నా పెళ్ళాం, పిల్లలు. శుక్రవారం శుక్రవారం జరాదా తీసుకెళ్తాను." జరాదా అంటే సముద్రం మధ్యలో పోటుకి మునిగి, పాటుకి తేలే ఇసుక తిప్ప.

"అయితే అయిదువందల నలభై వద్దు. అయిదువందల రెండు చాలు, దాని మీద చిన్న బ్లోవర్" అన్నాడు పేరయ్య.

జాసిం పుస్తకం మూసేశాడు. తన ఆఫీసు గాజు గదిలోంచి ఇదంతా చూస్తున్న అబూ రాషెద్, జాసిం కారు వెళ్ళిపోగానే బయటికి వచ్చాడు. మంచివాడే, కానీ మాట కరుకు.

"పెద్దది కావాలని వచ్చినవాడికి చిన్నది కొనుక్కోమంటావా? నీ పని పానా తిప్పడం. నాలుక తిప్పడం కాదు. ఖలాస్" అన్నాడు.

పేరయ్య తల దించుకున్నాడు. మే నెలలో అతని వీసా రెన్యూవల్ ఉంది. కఫీల్‌గా, అంటే వీసాకి పూచీ పడే యజమానిగా, అబూ రాషెద్ సంతకం పెట్టకపోతే ఇంటికే.

శుక్రవారం ఈ సంగతి విని సూర్యావతి, "మీకెందుకండీ? ఆయన డబ్బు, ఆయన పడవ. అడిగింది బిగించేస్తే పోయేదిగా?" అంది.

"ఒకసారి అడిగింది బిగించాను కదే" అన్నాడు పేరయ్య.

 ఆ కథ ఆవిడకి తెలుసు. కోటిపల్లి రేవులో రెండు లాంచీల వాళ్ళకి పోటీ వచ్చింది. పేరయ్య యజమాని ఎక్కడినుంచో లారీ ఇంజన్ తెచ్చి, లాంచీలో పెట్టమన్నాడు. ఈ చెక్కకి అది ఎక్కువేమోనని అనిపించినా, పేరయ్య పెదవి విప్పలేదు. పదకొండో రోజున, నడి గోదావరిలో, అరవై మంది జనం, కొబ్బరికాయల బస్తాలతో ఉండగా, అదురుకి వెనక బల్లల సందులు విచ్చుకుని నీళ్ళు ఎగజిమ్మాయి. తన చొక్కా, పక్కవాళ్ళ తువ్వాళ్ళు, దొరికిన గుడ్డల్లా కుక్కి, ఎలాగో లంక మీదికి ఎక్కించాడు. ప్రాణనష్టం లేదు. అందరూ ఇసుకలో దిగాక, ముత్తెమ్మ అనే ముసలావిడ, చంటి మనవడిని చంకనేసుకుని వచ్చి, "ఆ ఇంజనెవడ్రా పెట్టింది?" అంది. "నేనేనమ్మా" అన్నాడు. ఆవిడ చెంప మీద ఒక్కటిచ్చింది. యజమానిని కొట్టలేదు. పేరయ్యని కొట్టింది. అది న్యాయమేననిపించింది అతనికి.

శనివారం పేరయ్య వర్క్‌షాపు ఫోన్‌లోంచి, అబూ రాషెద్ ముందే, జాసింకి ఫోన్ చేశాడు.

"మీరు చెప్పిందే బిగిస్తాను. ముందు ఒక్క గంట నాతో రండి. మాటలొద్దు, పడవనే అడుగుదాం."

పాత ఇంజన్ పూర్తిగా చచ్చిపోలేదు, ఎనిమిదింట ఆరు సిలిండర్లు దగ్గుతూ పనిచేస్తున్నాయి. పేరయ్య యాభై కిలోల ఇసుక బస్తాలు ఆరు కట్టించాడు. బరువు లెక్క ముందే వేసుకున్నాడు. బ్లోవర్‌తో కలిపి అయిదువందల రెండు అయితే పాతదాని కంటే రెండువందల కిలోలు ఎక్కువ. అయిదువందల నలభై కూడా ఇంజన్ వరకూ అంతే. కానీ దాని బలాన్ని ఈ పడవ వెనక నీళ్ళలోకి దిగే గేర్ల కాలు ఓర్చుకోలేదు, పళ్ళు రాలిపోతాయి. ఇంకా లావుపాటి కాలు పెట్టాలి, దాన్ని మోయడానికి వెనక గోడ కోసి గట్టిగా కట్టాలి. అదంతా కలిపితే మూడువందల కిలోలు.

ముందు వెనకభాగంలో నాలుగు బస్తాలు పెట్టి నీళ్ళలోకి వెళ్ళారు. పడవ కాస్త వెనక్కి కూర్చుంది. "దీనికి బ్యాటరీలు, పెట్రోలు ట్యాంకూ ముందుకి జరుపుతాను. సరిపోతుంది" అన్నాడు పేరయ్య. తర్వాత మిగిలిన రెండు బస్తాలు కూడా వెనక్కి లాగాడు.

"ఇప్పుడు మీకు చేతనైనంత వేగంగా పోనివ్వండి. నేను చెప్పగానే ఒక్కసారిగా ఆపండి. ఎదురుగా పిల్లలెవరో ఈదుతున్నారనుకోండి."

జాసిం పోనిచ్చాడు. "బస్!" అని అరిచాడు పేరయ్య. జాసిం చెయ్యి వెనక్కి లాగాడు. పడవ ముక్కు కిందికి వాలింది. వెనక తరుముకొస్తున్న సొంత అలే, తోక ఎక్కి, లోపలికి దొర్లింది. ఇద్దరి మోకాళ్ళ దాకా నీళ్ళు. జాసిం తెల్లటి దుస్తులు తడిసి ఒంటికి అంటుకుపోయాయి. వెనక సీటు మీద పిల్లలు మరిచిపోయిన ప్లాస్టిక్ బకెట్టు నీళ్ళలో తేలుతూ వచ్చి అతని కాలికి తగిలింది.

 అతను ఆ బకెట్టుతోనే నీళ్ళు తోడడం మొదలెట్టాడు. ఒడ్డుకి వచ్చాక, "అయిదువందల రెండు తెప్పించు" అని అబూ రాషెద్‌తో చెప్పి వెళ్ళిపోయాడు. అబూ రాషెద్ జెట్టీ మీద నుంచుని అంతా చూశాడు. మే నెలలో వీసా కాగితాల మీద సంతకం అడక్కుండానే పెట్టాడు.

ఇంజన్ పెట్టె అమెరికా నుంచి ఏప్రిల్ ఆఖర్లో వచ్చింది. పేరయ్య నెల రోజులు దానితోనే బతికాడు. అడుగున పొడవునా ఉండే దూలాలకి ఫైబర్ పొరలు వేసి గట్టి చేశాడు. ట్యాంకు ముందుకి జరిపాడు. మొదటిసారి తాళం తిప్పినప్పుడు వచ్చిన చప్పుడికి పక్క షెడ్డులో వలలు అల్లుకునేవాళ్ళు లేచి వచ్చారు. ఆ చప్పుడు గుండెల్లో కొట్టింది. పేరయ్యకి నవ్వొచ్చింది, ఎందుకో తెలియదు.

అప్పటికి జూన్ వచ్చేసింది. గాలి కొలిమి ఊదినట్టుంది, సముద్రపు నీళ్ళే గోరువెచ్చగా ఉన్నాయి. ఇంజన్ చల్లారాల్సింది ఆ నీళ్ళతోనే. వేగం పెంచితే ఇంజన్ లోపల, డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు ఒక శబ్దం. జాసింకి వినపడలేదు. పేరయ్యకి వినపడింది. వేడికి పెట్రోలు తన వేళ రాకుండానే పేలుతోంది. అలాగే నడిపితే పిస్టన్లకి బొక్కలు పడతాయి. దానికి మందు బ్లోవర్‌ని కాస్త నెమ్మదిగా తిప్పడం. అంటే దాని పుల్లీ తీసి ఇంకొంచెం పెద్దది వేయాలి. పేరయ్య దగ్గర అలాంటివి రెండు సైజులున్నాయి. రెంటిలోనూ పెద్దదే వేశాడు. శబ్దం పూర్తిగా పోయింది. దానితోపాటు బలంలో కొంత కూడా పోయింది.

నెలాఖరు శుక్రవారం జాసిం, ఆదిల్ పోటీ పడ్డారు. ఒడ్డున వాళ్ళ బంధువులంతా చేరారు. జాసిం పడవ సగం దూరం వరకూ సమానంగా వెళ్ళింది. తర్వాత ఆదిల్ పడవ మెల్లగా, ఏదో మర్యాదగా తప్పుకుంటున్నట్టు, ముందుకి జరిగిపోయింది. నాలుగు పడవల పొడవు తేడా. ఆదిల్ గేలి కూడా చేయలేదు. జాసిం భుజం తట్టి, "బాగా వెళ్ళావ్" అన్నాడు. జాసింకి అదే ఎక్కువ నొప్పి.

మర్నాడు పడవ తాళం తెచ్చి బల్ల మీద పడేశాడు. "నీ మాట విన్నాను బేరయ్యా" అన్నాడు. అంతే. మళ్ళీ రాలేదు. జూలై గడిచింది, ఆగస్టు గడిచింది. పడవ మీద గుడ్డ కప్పి ఉంది. పేరయ్య రోజూ దాని పక్కనుంచే డ్యూటీకి దిగేవాడు.

సెప్టెంబరులో ఒక శుక్రవారం సూర్యావతి పులిహోర డబ్బా తెరిచి, అతను తినకపోవడం చూసి, "ఏంటండీ ఆ మొహం? రెండు నెలల్నుంచీ ఇదే వరస" అంది.

"ఆయన ఉత్సాహం నేను తీసేశానేమోనే. బంగారంలాంటి పిల్లలున్నారు, ఉద్యోగముంది, ఆ ఒక్క సరదా ఉంది. అయిదువందల నలభై పెడితే గెలిచేవాడేమో."

"నలభై పెడితే మునిగేవాడన్నారుగా?"

"అదీ నిజమే."

సూర్యావతి పులిహోర చేత్తో తీసి అతని కేసి చాపింది. "ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. మీరాయనకి చెప్పింది తెలిసి చెప్పారా, భయపడి చెప్పారా?"

 పేరయ్యకి ముందు కొంచెం రోషం వచ్చింది. తర్వాత, ఆవిడ చేతి నుంచి పులిహోర తీసుకుని నములుతూ, బిగించిన ఒక్కొక్క భాగాన్నీ మనసులో విప్పుకుంటూ వచ్చాడు. అయిదువందల రెండు అనడం, తెలిసే. ట్యాంకు జరపడం, తెలిసే. పుల్లీ దగ్గర ఆగిపోయాడు.

"పుల్లీ" అన్నాడు.

"ఏంటి?"

"పుల్లీ భయపడి వేశానే. చిన్నది వేసి వినాల్సింది. వినకుండానే పెద్దది వేసేశాను. శబ్దం మళ్ళీ వస్తుందేమోనని."

"మరి అదే చెప్పండి ఆయనకి."

"తప్పు చేశానని చెప్పనా? అబూ రాషెద్‌కి తెలిస్తే?"

"తప్పు చేశాక చెప్పకుండా ఉండడం మీకు ఎప్పుడు చాతనయింది గనక!" అంది సూర్యావతి. అది పొగడ్తో, విసుగో అతనికి తెలియలేదు.

ఆ వారంలోనే అబూ రాషెద్‌కి ముందు చెప్పాడు. ఆయన కనుబొమలు ముడిచి, "నీ నోటికి తాళం లేదు కదా" అని ఫోన్ ఇటు తోశాడు. అవతల జాసిం ఎత్తాడు.

"జాసిం భాయ్, ఇంజన్ సైజు విషయంలో నేను చెప్పింది తప్పు కాదు. ఇప్పుడడిగినా అదే చెప్తాను. కానీ పుల్లీ విషయంలో భయపడ్డాను. మీ బలం కొంత నేనే కట్టేసి ఉంచాను. చలికాలం రానివ్వండి. గాలి చల్లబడ్డాక మెల్లమెల్లగా విప్పుతాను."

 జాసిం, "ఎంత కట్టేశావ్?" అన్నాడు.

"నాలుగు పడవల పొడవులో కనీసం రెండు."

జాసిం పకపకా నవ్వాడు. అప్పుడు నిజంగా నవ్వాడు.

నవంబరులో పేరయ్య ఆ రెంటిలో చిన్న పుల్లీ వేశాడు. కొంచెం పోనివ్వడం, ఆపడం, ఇంజన్ మూత మీద చెవి ఆనించి వినడం. మూడు రోజులు అదే పని. గులకరాళ్ళ చప్పుడు రాలేదు. ఇక మనుషుల బరువుతో ఒకసారి చూడాలి. శుక్రవారం వర్క్‌షాపులో ఎవరూ ఉండరు. జాసిం భార్యకి నెలలు నిండుతున్నాయి, ఆవిడ రాకూడదు. "నీకెవరైనా తెలిసినవాళ్ళుంటే తీసుకురా, ఊరికే కూర్చుంటే చాలు" అన్నాడు జాసిం.

"మా ఆవిడ వస్తుంది" అనేశాడు పేరయ్య. తర్వాత వెళ్ళి ఆవిడని అడిగాడు.

"నేనా? దేనికి?"

"బరువుకి."

సూర్యావతి అతన్ని ఎగాదిగా చూసింది. "బాగానే ఉంది మీ యవ్వారం. ఇసుక బస్తాలు అయిపోయాయా?" అంది. కానీ వచ్చింది. కొంగు బిగించి నడుముకి చుట్టుకుని, దాని మీద నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని, వెనక సీట్లో జాసిం పిల్లలు ముగ్గురి మధ్యా కూర్చుంది. పెద్దపిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుంది. మూత పక్కన పేరయ్య చెవులు రిక్కించి నుంచున్నాడు. జాసిం తాళం తిప్పాడు.

హిద్ ఒడ్డు దాటాక పడవ నీళ్ళ మీదికి లేచింది. కెరటాలు ఒక్కొక్కటిగా తగలడం మానేసి, అన్నీ కలిసి ఒకే దడదడ అయ్యాయి. వేగం చూపే ముల్లు యాభై మైళ్ళు దాటింది. పేరయ్య చప్పుడే వింటున్నాడు. అరవై. ఇంజన్ శుభ్రంగా, గొంతెత్తి పాడుతున్నట్టుంది. అతను భార్య కేసి తిరిగాడు, భయపడుతోందేమోనని. సూర్యావతి ముడి ఊడి జుట్టంతా వెనక్కి ఎగురుతోంది. కళ్ళలోంచి గాలికి నీళ్ళు కారుతున్నాయి.

"ఇంకా ఉందా?" అని అరిచింది.

"ఉంది!"

"మరి దాచుకోవడం దేనికి?"

పేరయ్య ముందుకి వంగి జాసిం చెవిలో "యల్లా, పోనివ్వండి" అన్నాడు. జాసిం మొత్తం తోశాడు. డెబ్భై ఒకటి దగ్గర ముల్లు నిలబడింది. కోటిపల్లి లాంచీ గంటకి ఎనిమిది మైళ్ళు పోయేది. యాభై ఏళ్ళకి దగ్గరపడ్డ పేరయ్య, తను బిగించిన యంత్రం తన కాళ్ళ కింద అంత వేగంగా పోతుంటే, వినడం మానేసి, మొదటిసారి ఊరికే నుంచున్నాడు.

జరాదా దగ్గర జాసిం ఒక్కసారిగా ఆపాడు. వెనక అల వచ్చింది, తోకని తాకింది, విడిపోయి పక్కలకి పోయింది. లోపలికి చుక్క రాలేదు. తిప్ప తేలి ఉంది. పిల్లలు దూకి ఇసుకలో పరిగెత్తారు. సూర్యావతి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, చీలమండల లోతు నీళ్ళలో నుంచుని, చుట్టూ ఎటు చూసినా భూమి కనపడని సముద్రాన్ని చూసింది. పేరయ్య పక్కకి వచ్చాడు.  బహ్రెయిన్ వచ్చాక వాళ్ళిద్దరూ కలిసి ఆ బెంచీ కాక వేరే చోటికి వెళ్ళడం అదే.

అయిదింటికి హూరా చేరింది ఆవిడ. చీర నిండా పెట్రోలు వాసన, జుట్టు నిండా ఉప్పు. మేడం ముక్కు మూసుకుని ఎక్కడికి వెళ్ళావంటే, "డ్యూటీకండీ" అంది.

ఆ చలికాలంలో జాసిం, ఆదిల్ మూడుసార్లు పోటీ పడ్డారు. రెండుసార్లు ఆదిల్ గెలిచాడు, ఒకసారి జాసిం. ఆ ఒక్కదాన్నీ జాసిం బ్యాంకులో ఆర్నెల్లు చెప్పుకున్నాడని అంటారు. జనవరిలో అతనికి నాలుగో పిల్ల పుట్టింది. వేసవికల్లా ఆ పసిదాన్ని కూడా పడవలో వేసుకుని జరాదా వెళ్ళడం మొదలెట్టారు. ఇక పోటీలకి తీరిక దొరికింది తక్కువ.

పేరయ్య ఇంకో అయిదేళ్ళు హిద్‌లోనే పనిచేశాడు. ఎవరైనా పుస్తకం పట్టుకుని పెద్ద ఇంజన్ కోసం వస్తే అబూ రాషెద్ గాజు గదిలోంచే వేలు చూపించేవాడు, "ముందు బేరయ్యతో మాట్లాడు" అని. కొందరు అతని మాట విన్నారు. వినని వాళ్ళకి వాళ్ళడిగిందే బిగించాడు. కానీ, ఎందుకు వద్దంటున్నాడో వాళ్ళ మొహం మీదే చెప్పి, ఆ తర్వాతే పానా పట్టుకునేవాడు.